నోట్లో మచ్చ, చేతిలో ఫోను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నోటి క్యాన్సర్‌ను సెల్‌ఫోన్ సాయంతో పల్లెల్లోనే ముందుగా గుర్తించే ప్రయత్నాల గురించి గత సంచికలో రెండు పేరాలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలలో ఐదింటిని ఈసారి తీసుకుంటున్నాను. ఒకే సంగతిని వేర్వేరు మాటల్లో అడిగిన వారు ఇతరుల జవాబులో తమ జవాబును వెతుక్కోవలసిందిగా మనవి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు పల్లె. పదకొండేళ్లుగా ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. మా ఊళ్లో అరవై దాటిన ఆడవాళ్లలో కొందరు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట మండే కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. నోరు చూసి, అనుమానం ఉంటే ఫోనులో ఫొటో తీసి పైకి పంపితే బాగుంటుందని మా సమావేశంలో అన్నారు. ఫొటో చూసి పట్నంలో కూర్చున్న డాక్టరు గారు రోగం చెప్పగలరా? పదో తరగతి చదివిన నేను చూసినది తప్పయితే ఎవరిది బాధ్యత?

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. మామూలు పొరకూ అనుమానించదగిన మచ్చకూ తేడా పట్టడం డాక్టర్లకు మాత్రమే సాధ్యమన్న నమ్మకం ఇరవై ఏళ్ల కిందటే వీగిపోయింది. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో డాక్టర్ ఆర్. శంకరనారాయణన్ బృందం 13 పంచాయతీలను తీసుకుని, వాటిలో కొన్నింటిలో 35 ఏళ్లు దాటిన వారందరి నోళ్లనూ ఇంటింటికీ వెళ్లి చూసే ఏర్పాటు చేసింది. మిగతా పంచాయతీలలో ఎప్పటిలా అందే వైద్యమే అందింది. నోరు చూసినవారు డాక్టర్లు కారు, డిగ్రీ చదివి ఈ పనికోసం శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. మొత్తం లక్షా తొంభై వేల మందికి పైగా పాల్గొన్న ఈ అధ్యయనం ఫలితాలు 2005లో వెలువడ్డాయి. పొగాకు గానీ మద్యం గానీ అలవాటున్న వారిలో నోటి క్యాన్సర్ మరణాలు, నోరు చూసిన పంచాయతీలలో 34 శాతం తక్కువగా ఉన్నాయి. ఏ అలవాటూ లేనివారిని కూడా కలిపి లెక్కగడితే ఆ తేడా గట్టిగా నిలబడలేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. మీకు తీరిక తక్కువ కనుక, చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఉన్న ఇళ్ల తలుపే ముందు తట్టండి.

అదే అధ్యయనంలో అంతగా ప్రచారం పొందని అంకె ఇంకొకటి ఉంది. అనుమానం ఉందని చెప్పి డాక్టరు వద్దకు పంపిన ఐదు వేల పైచిలుకు మందిలో మూడింట ఒక వంతు కంటే ఎక్కువ మంది అసలు వెళ్లనేలేదు. కూలి పోతుందని కొందరు, నొప్పి లేదు కదా అని కొందరు ఆగిపోవడం మీ ఊళ్లో మీరు రోజూ చూసేదే. ఫోను ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడ. మనిషి కదలకముందే ఆ మచ్చ డాక్టరు కళ్లముందు పడుతుంది. రావలసిన అవసరం లేనివారికి బస్సు ఖర్చు తప్పుతుంది, తప్పక రావలసిన వారిని పేరుపెట్టి పిలవడానికి వీలవుతుంది. బెంగళూరులో బయోకాన్ ఫౌండేషన్, మజుందార్‌షా క్యాన్సర్ సెంటర్, కేఎల్ఈ దంత వైద్య కళాశాల కలిసి క్షేత్రస్థాయి కార్యకర్తల చేతికి ఫోన్లిచ్చి చేయించిన పని ఈ పద్ధతిదే. ఐదు వేల మందికి పైగా ప్రజలను అలా చూసి, 2022లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఎదురుగా నిలబడి నోరు చూసిన నిపుణుడు అనుమానించిన వాటిలో 95 శాతాన్ని, దూరాన కూర్చుని ఫొటో చూసిన నిపుణుడూ అనుమానించాడు; అక్కర లేదన్న వాటిలో 84 శాతాన్ని అతడూ అక్కర లేదన్నాడు. అయితే ఫొటో చూసి చెప్పేది రోగం పేరు కాదు, ‘ఈమెను పంపండి’ లేదా ‘అక్కర లేదు’ అన్నంతవరకే. రోగం తేల్చేది మచ్చలోంచి చిన్న ముక్క తీసి చేసే ముక్క పరీక్ష (బయాప్సీ). కనుక మీరు పొరబడతారన్న భయం వద్దు. అనుమానం లేని మచ్చకు ఫొటో తీస్తే పోయేదేమీ లేదు, అనుమానం ఉన్నా తీయకపోవడమే తప్పు.

ఇక అడ్డపొగ సంగతి. చుట్ట మండే కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చే ఈ అలవాటును గురించి ప్రపంచానికి వివరంగా తెలియజెప్పినది మీ జిల్లా పల్లెలే. డెన్మార్క్‌కు చెందిన పింద్‌బోర్గ్, ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫాలీ మెహతా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించి 1971లో ఆ వివరాలు ప్రచురించారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా ఉండటానికి మొదలైందని కొందరూ, పెద్దల ముందు కనపడకుండా తాగడానికని కొందరూ అంటారు. కారణం ఏదైనా, వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికి. దేశంలో మిగతా చోట్ల పొగాకు నమిలేవారికి బుగ్గ లోపలా, దవడ సందులోనూ వచ్చే క్యాన్సర్, మీ దగ్గర నోటి పైకప్పు మీద వస్తుంది. ఫొటోలు తీయడం నేర్పేవారు సాధారణంగా బుగ్గలు, నాలుక మీదనే దృష్టి పెడతారు. మీరు మాత్రం తప్పనిసరిగా తలను వెనక్కి వాల్చమని, నోరు వీలైనంత తెరిపించి, అంగిలిని విడిగా ఒక ఫొటో తీయండి. తెల్లబారిన పొర మధ్య చిన్న ఎర్రని చుక్కలు, ఎర్రబారిన మచ్చ, పుండు, గడ్డ వంటివి ఏది కనిపించినా దాన్ని దగ్గరగా మరొకటి తీయాలి.

తీసే పద్ధతి కష్టమేమీ కాదు. ముందు నీళ్లతో పుక్కిలించమనండి, కట్టుడు పళ్లుంటే తీయించండి. కిళ్లీ ఎరుపు, ఖైనీ నుసి ఉంటే ఫొటో చూసేవారికి ఏమీ అర్థం కాదు. నీడలో కూర్చోబెట్టి, ఫోను ఫ్లాష్ వేసి, చెంచా కాడతోనో మీకిచ్చిన అద్దంతోనో బుగ్గను పక్కకు జరిపి, పెదవుల లోపలి భాగం, రెండు బుగ్గలు, నాలుక రెండంచులు, నాలుక కింద, అంగిలి వరుసగా తీయండి. నాలుక అంచునూ, నాలుక కింది భాగాన్నీ మనిషి అద్దం లేకుండా తనంతట తాను చూసుకోలేడు, అందుకే అక్కడి పుండు చాలాకాలం దాక్కుంటుంది. ఇంకొక్క మాట: ఆ ఫొటోలు మీకిచ్చిన యాప్‌లోనే వెళ్లాలి, ఊరి వాట్సాప్ గ్రూపులోకి కాదు. నోటి ఫొటోలో ముఖం కనిపించకపోవచ్చు, కానీ పల్లెలో పన్ను చూసి మనిషిని గుర్తుపట్టేవారున్నారు.

ప్రశ్న: మాది నిర్మల్. మా నాన్నగారికి 54 ఏళ్లు, లారీ నడుపుతారు, ఇరవై ఏళ్లుగా వక్కపొడి, జర్దా, గుట్కా అలవాటు. ఏడాదిగా నోరు సరిగా తెరుచుకోవడం లేదు, కారం తగిలితే మంట. నేను ఫోనులో ఒక యాప్ దింపుకుని ఆయన నోటి ఫొటో పెడితే ‘ప్రమాదం తక్కువ’ అని వచ్చింది. నమ్మవచ్చా?

జవాబు: నమ్మవద్దు. యాప్ చెడ్డదని కాదు, మీ నాన్నగారి రోగం ఫొటోలో పట్టుబడే రకం కాదు కనుక. నోరు తెరుచుకోకపోవడం, కారానికి మంట, బుగ్గ పాలిపోయి బిగుసుకుపోవడం, ఇవన్నీ వక్క వల్ల నోటి పొర కింద నారలు పేరుకుపోయే వ్యాధి లక్షణాలు. డాక్టర్లు దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. బుగ్గలో తాళ్లలా తగిలే ఆ బిగుతు వేలికి తెలుస్తుంది, కెమెరాకు తెలియదు. ఆయన మూడు వేళ్లను నిలువుగా నోట్లో పెట్టుకోగలరేమో చూడమనండి. రెండే పడుతున్నాయంటే యాప్ ఏమన్నా సరే ఈ వారంలో దంత వైద్య కళాశాలకు గానీ, జిల్లా ఆసుపత్రికి గానీ తీసుకువెళ్లండి. ఈ వ్యాధి ఉన్నవారిలో కొందరికి తర్వాత క్యాన్సర్ వస్తుంది. మెడ కింద గడ్డ ఏదైనా తగులుతున్నదేమో కూడా అక్కడే చూస్తారు, అదీ ఫొటోకు అందేది కాదు. పొగాకు మాని ఉత్త వక్క వేసుకుంటే ఏమీ కాదన్న మాట లారీ అడ్డాల దగ్గర బాగా వినిపిస్తుంది. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

యాప్‌ల సంగతి కొంచెం లెక్కగా చెప్పుకుందాం. ఫోనుకు బిగించే పరికరంతో తీసిన ఫొటోలను కంప్యూటరు చేత చదివించిన ఒక తొలి ప్రయోగం 2018లో వెలువడింది. చెడ్డ మచ్చలలో 85 శాతాన్ని అది చెడ్డవిగానే పట్టుకుంది, మంచివాటిలో 88.7 శాతాన్ని మంచివిగానే వదిలింది. వినడానికి బాగుంది. ఇప్పుడు వెయ్యి మంది ఉన్న ఊరు అనుకోండి, వారిలో 20 మందికే నిజంగా అనుమానించదగిన మచ్చలున్నాయనుకోండి. ఆ యంత్రం 17 మందిని పట్టుకుని ముగ్గురిని వదిలేస్తుంది. ఏమీ లేని 980 మందిలో 110 మందికి పైగా ఉత్తపుణ్యానికి హడలగొడుతుంది. భయపడిన ఆ 110 మందిని ఒక డాక్టరు ఫొటో చూసి ఇంటికి పంపించగలరు. ‘ప్రమాదం తక్కువ’ అని విని నిశ్చింతగా పడుకున్న ఆ ముగ్గురి కోసం మాత్రం ఎవరూ రారు. డాక్టరు లేని ఊళ్లో కార్యకర్త చేతిలో, వెనక నిపుణుడు కూర్చుని ఉండగా పనిచేసే యంత్రం ఒక ఎత్తు. కొడుకు సొంతంగా దింపుకున్న యాప్ మరొక ఎత్తు. రెండింటినీ ఒక గాటన కట్టకండి.

ప్రశ్న: నేను గుంటూరులో విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడిని. నీలి వెలుగుతో క్యాన్సర్‌ను చూడటం, ఎర్ర వెలుగుతో దాన్ని చంపడం సాధ్యమని, అందుకు బ్యాటరీతో నడిచే పరికరాలు వచ్చాయని చదివాను. ఇందులో నిజమెంత? ఇది మన జిల్లా ఆసుపత్రులకు వస్తుందా?

జవాబు: మాస్టారూ, నిజం చాలానే ఉంది. హద్దులు కూడా అంతే ఉన్నాయి. ముందు చూడటం సంగతి. ఆరోగ్యంగా ఉన్న నోటి పొర మీద సుమారు 405 నానోమీటర్ల నీలి ఊదా కాంతి వేస్తే, పొర కింది కొల్లాజెన్, కణాలలోని కొన్ని పదార్థాలు ఆ కాంతిని తీసుకుని ఆకుపచ్చని వెలుగును తిరిగి ఇస్తాయి. కణాలు చెడటం మొదలైన చోట ఈ ఏర్పాటు దెబ్బతిని, ఆ భాగం చుట్టూ ఉన్న ఆకుపచ్చ మధ్య నల్లని మరకలా కనిపిస్తుంది. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన రోంగ్వాంగ్ లియాంగ్ బృందం ఈ నీలి వెలుగునూ మామూలు తెల్ల వెలుగునూ రెండింటినీ ఒకే ఫోనుకు బిగించి, బెంగళూరు, నాగాలాండ్‌లోని దీమాపూర్ వైద్యులతో కలిసి పరీక్షించింది. రెండు వెలుగులూ ఎందుకంటే, చిగురు వాచినా, పన్ను ఒరుసుకున్నా, మన చర్మపు రంగు వారిలో సహజంగా ఉండే నల్లదనం ఉన్నా కూడా నీలి వెలుగులో ఆ చోటు నల్లగానే కనిపిస్తుంది. ప్రతి నల్లమరకా క్యాన్సర్ కాదు.

ఇక చంపడం. రోగికి అమైనోలెవులినిక్ ఆమ్లం అనే మందు తాగిస్తారు. ఇది మన ఒంట్లో రక్తానికి రంగునిచ్చే హీమ్ తయారీలో సహజంగానే ఉండే పదార్థం. క్యాన్సర్ కణాలలో ఇది ప్రోటోపోర్ఫిరిన్ అనే వర్ణద్రవ్యంగా మారి, మంచి కణాలలో కంటే ఎక్కువగా పేరుకుంటుంది. కొన్ని గంటల తర్వాత అదే 405 కాంతిని వేస్తే ఈసారి గడ్డ ఎర్రగా మెరుస్తుంది, ఫోను కెమెరాతోనే దాని సరిహద్దు గీయవచ్చు. ఆ తర్వాత 635 నానోమీటర్ల ఎర్రని కాంతిని కొంతసేపు ఆ చోట నిలిపితే, వర్ణద్రవ్యం ఆ శక్తిని చుట్టూ ఉన్న ఆక్సిజన్‌కు అందించి, దాన్ని కణాన్ని లోపలినుంచి కాల్చే రూపంలోకి మారుస్తుంది. కత్తి లేదు, కుట్లు లేవు. ఈ పద్ధతి చర్మరోగాలలో ఏనాటినుంచో ఉన్నదే. పెద్ద ఆసుపత్రులలో వాడే లేజర్లు ఖరీదైనవీ, నిలకడైన కరెంటు కోరేవీ కనుక, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కు చెందిన తయ్యబా హసన్, అక్కడి మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జోనథన్ సెల్లీ బృందాలు బ్యాటరీతో నడిచే ఎల్ఈడీ దీపాన్నీ, బుగ్గకు ఆనేట్టు త్రీడీ ప్రింటరుపై తయారైన తొడుగులనూ రూపొందించాయి. ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయపు జవహర్‌లాల్ నెహ్రూ వైద్య కళాశాలలో 30 మంది తొలిదశ రోగుల మీద ఈ పద్ధతిని పరీక్షించారు. ఎక్కువ మందిలో గడ్డ మాయమైంది.

మీరు భౌతికశాస్త్రం చెప్పినవారు కనుక హద్దు ఎక్కడ ఉందో ఈపాటికి ఊహించే ఉంటారు. ఎర్ర కాంతి కణజాలంలోకి కొన్ని మిల్లీమీటర్లకు మించి చొచ్చుకుపోదు. అందుకే ఆ పరీక్షలకు ఎంచుకున్న గడ్డలు రెండు సెంటీమీటర్ల లోపువి, పైపొరలకు పరిమితమైనవి, మెడ గ్రంథులకు పాకనివి. మన దేశంలో 2022 అంచనా ప్రకారం ఏడాదికి సుమారు 1.43 లక్షల మందికి పెదవి, నోటి క్యాన్సర్ కొత్తగా వస్తున్నది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. వారిలో అధిక భాగం గడ్డ ముదిరాకే ఆసుపత్రి మెట్లెక్కుతున్నారు. దవడ ఎముక దాకా పాకిన గడ్డను ఈ దీపం ఏమీ చేయలేదు. అక్కడ శస్త్రచికిత్స, రేడియేషన్ తప్పవు. కనుక మన జిల్లా ఆసుపత్రికి దీపం రావడమన్నది, దానికి సరిపడే చిన్న గడ్డతో రోగి రావడం మీద ఆధారపడి ఉంది. ఒక ముక్క పరీక్ష ఫలితం మూడు వారాలకు గానీ చేతికందని చోట ఆ దీపాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారన్నది నా అనుమానం. పెద్ద సంఖ్యలో రోగుల మీద, శస్త్రచికిత్సతో పోల్చి, ఏళ్ల తరబడి గమనించాక గానీ దీన్ని మామూలు వైద్యంగా ఇవ్వకూడదన్నది కూడా నా అభిప్రాయం. మీ గుంటూరు పొగాకు ఎండబెట్టే బ్యారన్ల చుట్టూ ఉన్న ఊళ్లలో ప్రస్తుతానికి కావలసింది నీలి దీపం కంటే ముందు టార్చిలైటు.

ప్రశ్న: నేను అమెరికాలోని డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, స్వస్థలం భీమవరం. మేం నలుగురు మిత్రులం కలిసి నోటి ఫొటో చూసి క్యాన్సర్‌ను గుర్తించే తెలుగు యాప్ తయారుచేసి ఉచితంగా ఇవ్వాలనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.

జవాబు: మీ సంకల్పానికి సంతోషం. అయితే ఫొటోను గుర్తించే యంత్రం ఇంకొకటి మనకు అవసరం లేదు. వాటి మీద పెద్ద ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి, వాటికి కావలసిన వేల ఫొటోలు, ఒక్కొక్కదానికీ ముక్క పరీక్ష ఫలితం, మీ దగ్గర ఉండవు. పైగా బుగ్గ ఫొటోలతో నేర్చిన యంత్రం అడ్డపొగ తాగే అవ్వ అంగిలిని చూస్తే ఏమంటుందో ఎవరో ఒకరు పరీక్షించి తీరాలి, అది వారాంతపు పని కాదు.

మీలాంటి వారు చేయగలిగింది వేరే ఉంది. క్యాన్సర్ వంటి రోగాలను ముందుగా గుర్తించే జాతీయ కార్యక్రమం 2016 మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వారికి ఐదేళ్లకొకసారి నోరు చూడాలి. ఆశా కార్యకర్త పత్రం నింపుతుంది, పై సిబ్బంది పరీక్షిస్తారు, వివరాలు ప్రభుత్వ పోర్టల్‌లోకి ఎక్కుతాయి. మనిషి జారిపోయేది అక్కడినుంచే. ‘పంపాము’ అన్న గడిలో టిక్కు పడుతుంది గానీ, ఆమె వెళ్లిందా, ముక్క తీశారా, ఫలితం ఆమె చేతికి చేరిందా అన్నది ఆ కార్యకర్తకు తిరిగి తెలియదు. పంపిన వారిలో ఇంకా వెళ్లనివారి జాబితాను సోమవారం పొద్దున్నే ఆమె ఫోనులో చూపించి, ఆమె తరఫున రోగి ఇంటికి తెలుగులో, వీలైతే సవరలోనో గోండీలోనో గొంతుతో కబురు పంపే సాధనం చేసిపెట్టండి. సిగ్నల్ లేనప్పుడు దాచుకుని, వచ్చినప్పుడు పంపేదై ఉండాలి. నాలుగేళ్ల నాటి చవక ఫోనులో నడవాలి. రోగి అంగీకారాన్ని ఆమె భాషలో చదివి వినిపించి తీసుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధిలోకి మీ పనీ వస్తుంది; ఆ ఫొటోలు డాలస్‌లో మీ సొంత సర్వరుకు చేరకుండా చూసుకోండి. కోడు రాయడానికి ముందు ఒక ఆశా కార్యకర్త వెంట మూడు రోజులు నడవండి. ఆమె ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో రిజిస్టరు పట్టుకుని ఫోను ఎలా తీస్తుందో చూస్తే మీ తెరమీద బొత్తాలు ఎంత పెద్దవి ఉండాలో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాది విజయనగరం. మా అత్తగారి అంగిలి మీద తెల్లమచ్చ ఉన్నదని ఆరోగ్య కార్యకర్త ఫొటో తీసి పంపితే, ముక్క తీయించమన్నారు. కత్తి తగిలితే పుండు పాకుతుందని మా మావయ్యగారు ఒప్పుకోవడం లేదు.

జవాబు: మీ మావయ్యగారి భయానికి మూలం ఉంది. ముదిరిన గడ్డతో వెళ్లి, ముక్క తీయించుకుని, కొన్ని నెలలకే పోయినవారిని ఊళ్లలో అందరూ చూశారు. ప్రాణం తీసింది ఆలస్యం, నింద మాత్రం కత్తి మీద పడింది. నోటి మచ్చకు ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకదు. ఆ చోట మత్తు సూది వేసి, బియ్యపు గింజకు కొంచెం పెద్దదైన ముక్క తీస్తారు, చాలావరకు అదే రోజు ఇంటికి రావచ్చు, వారం పది రోజుల్లో మానుతుంది. తెల్లమచ్చలన్నీ క్యాన్సర్లు కావని, చాలావాటికి చుట్ట మానడం, క్రమంగా చూపించుకోవడంతో సరిపోతుందని ఆయనకు చెప్పండి. ఏ మచ్చ ఏ రకమో తేల్చడానికే ఈ పరీక్ష. విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గర. వైద్యం అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమేమి వర్తిస్తాయో ఆసుపత్రిలోని సహాయకులను అడగండి. వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డుతో పాటు కార్యకర్త తీసిన ఆ ఫొటోను తేదీతో సహా వెంట తీసుకువెళ్లండి. ఆ రోజుకూ ఈ రోజుకూ మచ్చ ఎంత పెరిగిందన్నదే డాక్టరు గారు మొదట అడిగేది.